చుక్క నూనె వద్దండి... ఆయ్!

కోనసీమలో కొండలు లేవు. అయినా కొండలెక్కే సైకిళ్లు మాత్రం ఊరూరా కనిపిస్తున్నాయి. బొబ్బర్లంక నుంచి అంతర్వేది దాకా కాలవ గట్లమీద వాటి వెంట సాగితే కొబ్బరితోటలు, లాకులు, రేవులే కాదు... డిస్కు బ్రేకు దగ్గర వినిపించే 'సుర్... సుర్...' వెనకున్న కథ కూడా తెలుస్తుంది.

తెల్లారి ఆరు గంటలకు బొబ్బర్లంక గట్టుమీద నిలబడితే కోనసీమ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకపక్క నిండుగా పారే కాలవ. ఇంకోపక్క అరటితోటలు. నీళ్లమీద పొగలా లేచే మంచు. గట్టుమీద తాపీగా సాగిపోయే సైకిళ్లు.

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి కిందకెళ్లాక వైనతేయ విడిపోతుంది. ఈ పాయలకూ సముద్రానికీ మధ్య ఒండ్రుమట్టితో ఏర్పడ్డ నేలే కోనసీమ. 1852లో కాటన్‌ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలమీద కాలవలు అల్లుకుపోయాయి. కాలవ ఉన్నచోటల్లా గట్టు. గట్టు ఉన్నచోటల్లా దారి. ఆ దారిలో సైకిల్‌! 2022 ఏప్రిల్‌ 4న అమలాపురం కేంద్రంగా జిల్లా ఏర్పడింది కానీ, ఈ నేల స్వరూపం మాత్రం కాలవలు గీసిందే.

ఇక్కడ సైకిల్‌ అంటే ఒకప్పుడు నల్ల సైకిలే. రావులపాలెం అరటి మార్కెట్టుకు రెండువైపులా గెలలు వేలాడదీసుకుని వచ్చేది అదే. కొబ్బరికాయల బస్తా మోసేదీ, పాలక్యాను తెచ్చేదీ, పిల్లను ముందు కడ్డీమీద కూచోబెట్టుకుని బడికి దింపేదీ అదే. దానికి చక్రం అంచును పట్టుకునే లబ్బరు బ్రేకులు. అరిగితే కొత్త లబ్బరు. జారితే ఓ పానా తిప్పుడు. అంతే!

ఇప్పుడు పదో తరగతి పాసైన కుర్రాడికీ, ఇంటర్లో చేరిన అమ్మాయికీ గేర్ల సైకిల్‌ కావాలి. లావుపాటి టైర్లు, ముందు స్ప్రింగు ఫోర్కు, చక్రం మధ్యలో తళతళలాడే ఉక్కు పళ్లెం. దాన్నే డిస్కు అంటారు. చూడటానికి మోటారు బండిలా ఉంటుంది. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ పళ్లెం దగ్గర్నుంచి చప్పుడు మొదలవుతుంది. అసలు కథ అక్కడే!

కొండ లేనిచోట కొండ సైకిల్‌

ఈ సైకిల్‌ పుట్టింది అమెరికాలో. కాలిఫోర్నియాలోని మరిన్‌ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లను కొండమీదికి తీసుకెళ్లి మట్టిదారిలో కిందికి దూకించేవాళ్లు. 1976 అక్టోబరులో అక్కడ మొదలైన పందేనికి 'రీప్యాక్‌' అని పేరు. ఎందుకా పేరు? ఆ సైకిళ్లకు పెడల్‌ని వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు వెనక చక్రం బొడ్డులో ఉండేది. కొండ దిగేలోపు ఆ వేడికి లోపలి గ్రీజు మొత్తం పొగై పోయేది. దిగాక మళ్లీ గ్రీజు నింపాల్సిందే. ఆ నింపడమే రీప్యాక్‌! అంటే కొండ సైకిల్‌ చరిత్రలో మొదటి తలనొప్పే బ్రేకు.

డిస్కు ఆలోచన అంతకంటే పాతది. కార్ల కోసం ఇంగ్లండులో ఫ్రెడరిక్‌ లాంచెస్టర్‌ 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. సైకిళ్లకు బాగా చేరింది మాత్రం 1990ల తర్వాతే. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండ సైకిళ్ల పందెం చేరింది. రోడ్డు పందేల్లో డిస్కు బ్రేకులను అంతర్జాతీయ సైక్లింగ్‌ సమాఖ్య పూర్తిగా అనుమతించింది 2018లో.

మరి కొండ లేని కోనసీమకు ఇదెందుకు? వానకి! లబ్బరు బ్రేకు పట్టుకునేది చక్రం అంచుని. గట్టుమీద నీటిగుంటలో దిగితే ముందు తడిసేది ఆ అంచే. తడిసిన అంచుమీద లబ్బరు జారుతుంది. డిస్కు ఉండేది చక్రం మధ్యలో, బురదకి జానెడు ఎత్తున. నాలుగు చినుకులు పడినా పట్టు వదలదు. జూన్‌ నుంచి నవంబరు దాకా ఎప్పుడు కురుస్తుందో తెలియని చోట ఇది పనికొచ్చే సుగుణమే.

కాకపోతే ఈ సుగుణానికి ఓ షరతు ఉంది. పళ్లేనికి అటూఇటూ రెండు ప్యాడ్లు ఉంటాయి. బ్రేకు పట్టనప్పుడు ప్యాడుకీ పళ్లేనికీ మధ్య ఖాళీ ఒక్కోపక్క అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ సన్నటి ఖాళీ ఎటైనా తగ్గిందా... 'సుర్‌'!

లొల్ల లాకుల దగ్గర చెవి పెట్టాలి

బొబ్బర్లంక నుంచి గట్టుదారిన వస్తే ఆత్రేయపురం తగులుతుంది. పూతరేకుల ఊరు. 2023లో ఆ పూతరేకుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండమీద ఓసారి అలా లాగితే క్షణంలో రేకు! చెయ్యి కాస్త గట్టిగా పడితే చిరుగుతుంది, తేలిగ్గా పడితే అంటదు. డిస్కు బ్రేకు సర్దడానికీ అలాంటి చెయ్యే కావాలి.

ఇంకాస్త ముందుకెళ్తే లొల్ల లాకులు. ఎన్నో సినిమాల్లో కనిపించిన చోటు. నీళ్లు తలుపుల కిందనుంచి నురగలు కక్కుకుంటూ దూకుతుంటాయి. సైకిల్‌ దిగి ఫొటోలు దిగేవాళ్లే ఎక్కువ. ఆ హోరుకి కొంచెం అవతలగా, చింతచెట్టు నీడలాంటిది చూసుకుని సైకిల్‌ చక్రం పైకెత్తి తిప్పి వినడం మంచిది. ఎందుకంటే ఈ రోగాన్ని ముందు పట్టేది కన్ను కాదు, చెవి.

చక్రం తిరిగినంతసేపూ ఆగకుండా 'సుర్‌ర్‌ర్‌' అంటుంటే ప్యాడ్లను పట్టి ఉంచే దిమ్మ పక్కకి జరిగినట్టు. దాన్ని క్యాలిపర్‌ అంటారు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక్కసారి 'సుర్‌', మళ్లీ చుట్టుకి మళ్లీ 'సుర్‌' అంటే పళ్లెం వంగినట్టు. నేరుగా వెళ్తే నిశ్శబ్దం, మలుపు తిరిగినప్పుడో లేచి తొక్కినప్పుడో మాత్రమే చప్పుడంటే చక్రం ఫోర్కులో సరిగ్గా బిగియనట్టు, లేదా బొడ్డు వదులైనట్టు. వానలో తడిశాక రెండు నిమిషాలు కుయ్యిమని ఆగిపోతే మాత్రం రోగమే కాదు. నీళ్లు ఆరితే అదే తగ్గుతుంది.

ఈ నాలుగూ తెలిస్తే సగం పని అయినట్టే. తెలియకపోతే ఉన్న బోల్టులన్నీ తిప్పేసి, ఉన్న చప్పుడుకి మరో రెండు చేర్చుకోవడమే మిగులుతుంది.

కొత్తపేటలో మొదటి వైద్యం

కోనసీమ ముఖద్వారం రావులపాలెం. అక్కడ జాతీయ రహదారి హోరు దాటి అమలాపురం రోడ్డు పట్టుకుంటే కాసేపట్లో కొత్తపేట. సంక్రాంతి రోజుల్లో ఇక్కడి ప్రభలు, బాణసంచా చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొస్తాయి. దగ్గర్లోనే పలివెల. శిరసున కొప్పుతో దర్శనమిచ్చే ఉమా కొప్పేశ్వరస్వామి గుడి అక్కడే ఉంది.

దూరం నుంచి వచ్చే సైకిలిస్టులు చాలామంది రాజమహేంద్రవరం దాకా రైల్లోనో కారులోనో వచ్చి, ముందు చక్రం బిగించుకుని బయల్దేరతారు. చప్పుడు మొదలైంది కూడా ఆ బిగింపు దగ్గరే అయ్యుంటుంది. సైకిల్‌ని పక్కకి వాల్చి చక్రం బిగిస్తే ఇరుసు ఓ పక్కకి కాస్త ఎత్తుగా కూచుంటుంది. కంటికి కనపడదు. కానీ అర మిల్లీమీటరు ఖాళీకి అది చాలా ఎక్కువ.

దీనికి వైద్యం పైసా ఖర్చులేనిది. సైకిల్‌ని రెండు చక్రాలమీదా తిన్నగా నిలబెట్టాలి. ఇరుసు దగ్గరి లివర్‌ వదులు చెయ్యాలి. హ్యాండిల్‌ మీద రెండు చేతులూ వేసి కిందికి అదమాలి. చక్రం తన చోట్లో తాను కూచుంటుంది. అప్పుడు లివర్‌ మూసి గట్టిగా బిగించాలి. మళ్లీ చక్రం ఎత్తి తిప్పితే... చాలాసార్లు చప్పుడు అక్కడితో సరి. బిగించే ముందు ఇంకేమీ ముట్టుకోకుండా ఉండటమే ఇందులో తెలివి.

"ఓ సుక్క నూనె ఎయ్యమంటారా?"

కొత్తపేట నుంచి అమలాపురం వెళ్లే దారి పొడుగునా కొబ్బరిచెట్లే. గడియారస్తంభం సెంటర్లో జనం ఎప్పుడూ కిటకిటే. జిల్లా కేంద్రం కనుక ప్యాడ్లు, కేబుళ్లలాంటివి ఇక్కడ వెతుక్కోవచ్చు. కాకపోతే ప్యాడ్ల ఆకారం బ్రేకు బ్రేకుకీ మారుతుంది. పాత ప్యాడు జేబులో వేసుకెళ్లి చూపించడమే సులువు.

అక్కణ్నుంచి అంబాజీపేట. కొబ్బరి వ్యాపారానికి పెట్టింది పేరు. కొబ్బరి కోసమే పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం కూడా ఉందిక్కడ. సంక్రాంతి వేళ ఈ మండలంలోని జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల ప్రభలు తరలి వస్తాయి. వాటిలో కొన్నింటిని కౌశిక నీళ్లలోంచి భుజాలమీద దాటించే దృశ్యం చూసి తీరాల్సిందే.

ఈ దారిలో ఎక్కడ సైకిల్‌ ఆపినా పలకరింపు తప్పదు. గోదారోళ్ల మర్యాద అది.

"ఏటండీ ఆ సౌండు?"

"బ్రేకు రాసుకుంటోందండీ."

"ఓస్‌ అంతేనా! ఓ సుక్క నూనె ఎయ్యమంటారా?"

మంచి మనసుతో అడిగిందే. చైను కిర్రుమంటే చుక్క నూనె. పెడల్‌ కీచుమంటే చుక్క నూనె. తలుపు మడతబందు మూలిగినా అదే వైద్యం. తరతరాలుగా చేతికి అలవాటైన పని. అందులోనూ కొబ్బరినూనె ఊరిది! కానీ డిస్కు బ్రేకు విషయంలో సమాధానం ఒక్కటే. "వద్దండి!"

ఎందుకంటే బ్రేకు పనిచేసేదే రాపిడితో. నూనె చేసేది రాపిడిని తగ్గించడం. పళ్లెంమీద నూనె పడితే చప్పుడు తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు బ్రేకూ పోతుంది. చాలా ప్యాడ్లు స్పాంజిలాంటివి, నూనెని లోపలికి పీల్చేసుకుంటాయి. తుడిస్తే పోదు. ఎక్కువసార్లు కొత్త ప్యాడ్లే కొనాలి. కిరోసిన్‌, డీజిల్‌, డబ్బాలో వచ్చే తుప్పు స్ప్రేలు... అన్నీ ఇదే బాపతు. చైనుకి స్ప్రే కొట్టేటప్పుడు తుంపర పళ్లేనికి తగిలినా అదే ఫలితం. ఆఖరికి తలకి నూనె రాసుకున్న చేత్తో పళ్లెం ముట్టుకోకూడదు.

మరి మురికి పడితే? ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌ని శుభ్రమైన గుడ్డమీద వేసి తుడవాలి. 2020లో ఇంటింటికీ వచ్చిన శానిటైజర్‌ మిగిలింది కదా అని వాడితే కుదరదు. చేతులు పొడిబారకుండా చాలావాటిలో గ్లిజరిన్‌ కలుపుతారు. ఆ జిడ్డు పళ్లెంమీదే ఉండిపోతుంది.

నల్ల సైకిల్‌ నేర్పిన పాఠం నూనె. డిస్కు సైకిల్‌ నేర్పే పాఠం ఖాళీ. చప్పుడొచ్చినచోట ఏదో ఒకటి వెయ్యాలన్న అలవాటు మానుకుని, ఏది దేనికి తగులుతోందో చూడాలి.

నీళ్లమీద నీళ్లు... గన్నవరంలో రిపేరు

అంబాజీపేట దాటితే పి.గన్నవరం. వైనతేయ పాయ మీదుగా కాలవని అవతలి ఒడ్డుకు దాటించిన చోటు ఇది. కింద నది, పైన కాలవ! 1850లలో కాటన్‌ హయాంలో కట్టిన పాత అక్విడెక్టుకు 49 కమానులు. రాజోలు వైపు పొలాలకు గోదావరి నీళ్లు అందింది దీనివల్లే. తర్వాత 2000 ప్రాంతంలో కొత్తది కట్టి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏ వేళ ఆకలితో వచ్చినా అన్నం పెట్టి పంపిన తల్లి ఆమె. 1841లో పుట్టి 1909లో కన్నుమూసినా గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఆ పేరు చెబితే చేతులు జోడిస్తారు.

అక్విడెక్టు మీద గాలి హాయిగా ఉంటుంది. నది చూసుకుంటూ పని చేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. చక్రం సరిగ్గా కూచున్నా చప్పుడు పోలేదంటే ఇక క్యాలిపర్‌ సర్దాల్సిందే. కావాల్సింది 5 మిల్లీమీటర్ల ఎలన్‌ కీ, కాస్త ఓపిక.

క్యాలిపర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచేవి రెండు బోల్టులు. వాటిని పూర్తిగా తియ్యకూడదు. దిమ్మ అటూఇటూ కదిలేంత వదులు చేస్తే చాలు. అప్పుడు హ్యాండిల్‌ దగ్గర బ్రేకు గట్టిగా పట్టుకోవాలి. ప్యాడ్లు రెండూ పళ్లేన్ని పట్టుకోగానే దిమ్మ తనంతట తాను మధ్యకి వస్తుంది. ఆ పట్టు వదలకుండా ఈ బోల్టు కాస్త, ఆ బోల్టు కాస్త మార్చి మార్చి బిగించాలి. ఒకదాన్నే ఒకేసారి బిగిస్తే దిమ్మ మళ్లీ మెలి తిరుగుతుంది. ఒక్కరే ఉంటే చెయ్యి అందదు కాబట్టి బ్రేకుకి ఓ లబ్బరు బ్యాండో, తువ్వాలు ముడో వేసేసుకోవచ్చు.

ఇది నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్‌ బ్రేకులకు బాగా కుదురుతుంది. ఎందుకంటే అందులో రెండు ప్యాడ్లూ కదులుతాయి. తక్కువ ధరలో వచ్చే సైకిళ్లకు చాలావరకు ఉండేవి కేబుల్‌ బ్రేకులు. వాటిలో సాధారణంగా బయటి ప్యాడు ఒక్కటే కదులుతుంది. లోపలిది కదలదు. బయటిది నెడితే పళ్లెమే సన్నగా వంగి లోపలి ప్యాడుకి ఆనుతుంది. అందుకే ముందు లోపలి ప్యాడుని దాని మరతో పళ్లేనికి బాగా దగ్గరగా, తగలకుండా తెచ్చుకోవాలి. మధ్యలో తెల్లకాగితం పట్టేంత ఖాళీ ఉంటే సరిపోతుంది. తర్వాత కేబుల్‌ బిగువు చూసుకోవాలి. కేబుల్‌ మరీ బిగుతుగా ఉంటే బ్రేకు వదిలినా బయటి ప్యాడు వెనక్కి పోదు.

ఇంత చేసినా చుట్టుకోసారి 'సుర్‌' వినిపిస్తోందా? పళ్లెం వంగిందన్నమాట. రద్దీ స్టాండులో పక్క సైకిల్‌ పెడల్‌ తగిలినా, పంటు ఎక్కించేటప్పుడు ఎక్కడో కొట్టుకున్నా వంగుతుంది. రిమ్ముకి బెండు తీసినట్టే దీనికీ తీస్తారు. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఎక్కడ తగులుతోందో అక్కడ పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాలి. ఆ చోటుని ప్యాడ్ల బయటికి తెచ్చి, శుభ్రమైన గుడ్డ చుట్టిన పానాతో ఇసుమంత వంచాలి. మళ్లీ తిప్పి చూడాలి. ఇంకాస్త... మళ్లీ చూడాలి. ఒక్క ఊపులో సరిచేద్దామనుకుంటే పళ్లెం అటువైపు వంగి కూచుంటుంది. కొత్తప్పుడు దాని మందం సుమారు 1.8 మిల్లీమీటర్లు. అరిగి 1.5కి వస్తే ఇక బెండు తియ్యడం కాదు, మార్చేయడమే.

రెండు జాగ్రత్తలు మాత్రం పిల్లలకి గట్టిగా చెప్పాలి. చక్రం తిరుగుతున్నప్పుడు పళ్లెం దగ్గర వేలు పెట్టకూడదు. దానికున్న చిల్లుల్లో వేలు పడితే తెగుతుంది. వంతెన దిగి వచ్చిన వెంటనే పళ్లెం ముట్టుకోకూడదు. చురుక్కుమని కాలుతుంది. హైడ్రాలిక్‌ బ్రేకైతే ఇంకోటి... చక్రం తీసేసినప్పుడు బ్రేకు నొక్కకూడదు. మధ్యలో పళ్లెం లేకపోతే ప్యాడ్లు రెండూ మూసుకుపోయి, మళ్లీ చక్రం ఎక్కనివ్వవు.

రేవు దగ్గర అసలు పరీక్ష

గన్నవరం దాటితే రాజోలు సీమ. రోడ్డు సన్నబడుతుంది, పచ్చదనం చిక్కబడుతుంది. చేపల చెరువులు, కొబ్బరితోటలు, పెంకుటిళ్లు. ఓపికుంటే వైనతేయ ఒడ్డున అప్పనపల్లి బాలబాలాజీ గుడి చూసి రావచ్చు. ఇంకోవైపు వెళ్తే వశిష్ఠ ఒడ్డున దిండి.

ఇక్కడి దారులకు ఓ లక్షణం ఉంది. నేల బల్లపరుపు. కానీ కాలవ దగ్గర, వంతెన దగ్గర, రేవు దగ్గర మాత్రం హఠాత్తుగా ఏటవాలు. మైళ్లకొద్దీ బ్రేకుతో పనే ఉండదు. పడిందంటే ఒక్కసారిగా పడుతుంది. వంతెన దిగుతుంటే ఎదురుగా మలుపు, మలుపు పక్కనే కాలవ. చాలాచోట్ల అడ్డుగోడ ఉండదు. బడి వదిలాక ఇద్దరేసి పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ సైకిళ్లమీద దిగేది ఇలాంటి చోట్లనే.

సఖినేటిపల్లి రేవులో అయితే ఇంకా స్పష్టం. వశిష్ఠ దాటి నరసాపురం వెళ్లడానికి జనం, మోటారు సైకిళ్లు, సైకిళ్లు అన్నీ పంటు ఎక్కే చోటు. గట్టుమీంచి దారి నేరుగా నీళ్లలోకి దిగుతుంది. చివర ఉండేది పంటో, గోదావరో! అలాంటిచోట 'చప్పుడు తగ్గిందిలే' అని సంబరపడిన నూనె బ్రేకుతో దిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా? నూనె వేసిన తప్పు చదునైన రోడ్డుమీద తెలియదు. తెలిసేది ఇక్కడే.

అందుకే రిపేరు చేశాక ముందు చదునుచోట పరీక్ష పెట్టాలి. నడిచే వేగంలో ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా పట్టి చూడాలి. కొత్త ప్యాడ్లు వేస్తే ఓ ఇరవైసార్లు వేగం అందుకుని, చక్రం జారకుండా గట్టిగా పట్టి తగ్గించాలి. అప్పుడే ప్యాడూ పళ్లెం ఒకదానికొకటి అలవాటుపడి పూర్తి పట్టు వస్తుంది. అప్పటిదాకా రేవు దగ్గర సైకిల్‌ దిగి నడిపించుకెళ్లడమే మర్యాద. పంటు నడిపేవాళ్లు చెప్పేదీ అదే. "దిగండి బాబూ, దిగి నడిపించండి!"

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సన్నటి చప్పుడు వచ్చిన ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు. చక్రాన్ని చేత్తో తిప్పి వదిలితే హాయిగా నాలుగైదు చుట్లు తిరుగుతుంటే, బ్రేకు పట్టినప్పుడు గట్టిగా ఆగుతుంటే ఆ 'సుర్‌'తో ఊరు చేరొచ్చు. చక్రం సగంలో ఆగిపోతున్నా, బ్రేకు హ్యాండిల్‌ దాకా వచ్చేస్తున్నా మాత్రం ముందుకి పోకూడదు.

అంతర్వేదిలో ఉప్పుగాలి

సఖినేటిపల్లి నుంచి కిందకి వెళ్తే అంతర్వేది. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. లక్ష్మీనరసింహస్వామి గుడి, లైట్‌హౌసు, ఆపైన అన్నాచెల్లెళ్ల గట్టు. నది నీళ్లూ సముద్రపు నీళ్లూ కలిసే ఆ గీత చూడ్డానికి జనం ఇసుకలో నడిచి వెళ్తుంటారు. మాఘమాసంలో స్వామి కల్యాణానికైతే చెప్పక్కర్లేదు, ఇసుక వేస్తే రాలదు.

ఆ ఇసుకతోనే సైకిల్‌కి పేచీ! ప్యాడుకీ పళ్లేనికీ మధ్య ఒక్క రేణువు చేరితే చాలు, పళ్లెంమీద గీతలు పడతాయి. పళ్లెం స్టెయిన్‌లెస్‌ స్టీలుది కాబట్టి తొందరగా తుప్పు పట్టదు. కానీ దాన్ని పట్టి ఉంచే బోల్టులు, కేబుల్‌ చివర్లు, లోపలి స్ప్రింగు ఉప్పుగాలికి లొంగుతాయి. కేబుల్‌ తుప్పు పడితే బ్రేకు వదిలినా ప్యాడు వెనక్కి రాదు. అప్పుడు మళ్లీ అదే 'సుర్‌'.

కాబట్టి సముద్రం చూసి వచ్చాక ఊళ్లో ఏ బోరు దగ్గరో రెండు చెంబుల మంచినీళ్లు అడిగి చక్రాల మధ్య పోసుకోవాలి. సబ్బు అక్కర్లేదు, రుద్దుడు అక్కర్లేదు. కోనసీమలో నీళ్లు అడిగితే కాదనేవాళ్లు ఉండరు. నీళ్లతోపాటు ఓ కొబ్బరిబోండం కూడా చేతికొచ్చినా ఆశ్చర్యం లేదు!

చక్రం ఆరాక ఓసారి పైకెత్తి తిప్పి చూడాలి. ఇప్పుడు వినపడాల్సింది బ్రేకు కాదు. సముద్రపు హోరు, కొబ్బరాకుల గలగల. అవి రెండే వినపడితే తిరుగుదారి పట్టొచ్చు. ఎదురయ్యే పెద్దాయన "అయ్యో, సుక్క నూనె ఎయ్యకుండానే తగ్గిపోయిందాండీ?" అని అడిగితే చెప్పాల్సిన జవాబు కూడా సిద్ధంగానే ఉంది.

"ఆయ్‌!"

వెళ్లాలంటే...

దూరప్రాంతాల నుంచి వచ్చేవాళ్లకి రాజమహేంద్రవరం రైల్వేస్టేషన్‌, మధురపూడి విమానాశ్రయం అనుకూలం. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి గట్టుదారి పట్టుకోవచ్చు. ఆత్రేయపురం, లొల్ల, రావులపాలెం, కొత్తపేట, అమలాపురం, అంబాజీపేట, పి.గన్నవరం, రాజోలు, సఖినేటిపల్లి, అంతర్వేది... ఈ వరసలో రెండు రోజులు పెట్టుకుంటే తీరిగ్గా చూడొచ్చు. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో వరదలకు లంక ఊళ్ల దారులు మునుగుతాయి, వెళ్లకపోవడమే మంచిది. చీకటి పడ్డాక గట్లమీద సైకిల్‌ వద్దు.

సంచిలో ఉండాల్సినవి: ఎలన్‌ కీల సెట్టు, చిన్న పానా, ఓ జత ప్యాడ్లు, పంక్చర్‌ సామాను, చేతిపంపు, ఉతికిన తెల్లగుడ్డ, చిన్న సీసాలో ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌, పెన్సిలు, తెల్లకాగితం. చైనుకి నూనె తెచ్చుకున్నా పర్వాలేదు. చైనుకి మాత్రమే!